తొమ్మిదో పోస్టు దగ్గర ఆగిపోయిన బ్లాగు

ప్రశ్న: నేను హైస్కూల్లో సైన్స్ చెప్తాను. ఎనిమిదో తరగతి నాది, 42 మంది పిల్లలు. పోయినేడు ఉత్సాహం కొద్దీ క్లాసు బ్లాగు మొదలుపెట్టాను. తొమ్మిది పోస్టులయ్యాక ఆగిపోయింది. ఈ ఏడు ట్రైనింగ్‌కి వెళ్తే 11 టూల్స్ పేర్లున్న కాగితం చేతిలో పెట్టారు. హెడ్మాస్టర్ గారేమో "మళ్ళీ మొదలుపెట్టండి మేడమ్, ఈసారి ఆగకూడదు" అంటున్నారు. బడిలో పనిచేసే కంప్యూటర్లు మూడే. పిల్లల్లో సగం మందికి ఇంట్లో ఫోను చేతికందుతుంది, అదీ రాత్రిపూట. ఇద్దరు తల్లులు "మా పాప ఫొటో నెట్‌లో పెట్టొద్దు" అని ముందే చెప్పేశారు. పోయినసారి ధ్వని గురించి రాసుకు రమ్మంటే నలుగురు ఏఐతో రాయించి తెచ్చారు, నలుగురిదీ ఒకటే పాట. తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది. ఈ 11లో ఏది పట్టుకోవాలి? అసలు బ్లాగు అవసరమా? పాత బ్లాగు లింకూ, ఆ కాగితం ఫొటో పంపుతున్నాను.

జవాబు:

టీచర్ గారూ,

మీ కాగితంలోని 11 పేర్లూ చూశాను. వాటి సంగతి తర్వాత. ముందు మీ తొమ్మిది పోస్టుల గురించి మాట్లాడుకుందాం, ఎందుకంటే మీకు కావాల్సిన జవాబు సగం అక్కడే ఉంది.

ఎగ్జిబిషన్ జరిగింది, క్విజ్‌లో మనవాళ్ళు రెండో బహుమతి తెచ్చుకున్నారు, మొక్కలు నాటాం, మైక్రోస్కోప్ వచ్చింది... తొమ్మిదీ మీరే రాశారు. తొమ్మిదింటి కిందా కలిపి రెండు కామెంట్లు. ఒకటి హెడ్మాస్టర్ గారిది. రెండోది "కంగ్రాట్స్ అక్కా" అని, మీ తమ్ముడో చెల్లెలో అయుంటారు. ఇది బ్లాగు కాదండీ, నోటీసు బోర్డు. నోటీసు బోర్డు పెట్టుకోవడం తప్పేమీ కాదు. కాకపోతే రాసేది ఒక్కరే, చదివేది ఎవరో తెలీదు. అలాంటి పని పరీక్షలు దగ్గరపడగానే మిగతా అన్నిటికంటే ముందు మూలపడుతుంది. మీది బద్ధకం కాదు. చదివేవాళ్ళు లేని రాత ఎవరి దగ్గరైనా అంతకంటే ఎక్కువ రోజులు బతకదు.

కాబట్టి "ఏ టూల్?" అన్న ప్రశ్న పక్కన పెట్టి, ఎవరు రాస్తారు, ఎవరు చదువుతారు అన్న రెండిటికీ ముందు జవాబు చూసుకోండి. ఆ రెండూ కుదిరితే టూల్ ఏదైనా నడుస్తుంది. కుదరకపోతే 11 కాదు, 111 ఉన్నా నడవదు.

ఇది ఇంటర్నెట్‌తో పుట్టిన ప్రశ్న కూడా కాదు. 1920లలో ఫ్రాన్స్‌లో సెలెస్తాన్ ఫ్రెనే అని ఒక పల్లెటూరి బడిపంతులు ఉండేవాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఊపిరితిత్తికి గాయమై, గంటల తరబడి గట్టిగా పాఠం చెప్పే ఓపిక ఉండేది కాదు. పిల్లల్ని బయట తిప్పుకొచ్చి, చూసింది రాయమనేవాడు. చేత్తో నడిపే చిన్న అచ్చుయంత్రం ఒకటి కొని తరగతి గదిలోనే పెట్టాడు. ఏ రాత అచ్చుకెక్కాలో పిల్లలే తేల్చుకునేవాళ్ళు, అక్షరాలు కూర్చేదీ వాళ్ళే. అంతవరకైతే అది మరో చేతిపని పీరియడ్ అయ్యేది. ఆయన ఆ అచ్చు కాగితాల్ని దేశం అవతలి కొసన ఉన్న ఇంకో బడికి పోస్టులో పంపాడు, అక్కణ్ణుంచి వాళ్ళవి తెప్పించాడు. తను రాసింది ముఖం తెలియని ఇంకో పిల్లవాడు చదువుతాడని తెలిశాక పిల్లలకు అక్షరదోషం మీద శ్రద్ధ దానంతటదే వస్తుంది. క్లాసు బ్లాగుకి తాతగారంటూ ఉంటే ఆ అచ్చుయంత్రమే. దాంట్లో యంత్రం ఎంతో, పోస్టుమేన్ అంత.

మీ తరగతికి వద్దాం. 42 మందిని 21 జతలు చేయండి. వారానికి రెండు పోస్టులు, ఒక్కోటి ఒక్కో జత వంతు. పదకొండు వారాల్లోపే అందరికీ ఒక చుట్టు వచ్చేస్తుంది. ఆ జత చేయాల్సింది ఒక్కటే పని: ఆ మూడు రోజుల్లో సైన్స్ పీరియడ్లో జరిగినవాటిలో ఒక సంగతి తీసుకుని, ఆ రోజు బడికి రాని స్నేహితుడికి చెప్తున్నట్టు రాయడం. పేజీన్నర చాలు. 2000ల మధ్యలో కెనడాలో ఒక లెక్కల మాస్టారు ఇలాగే నడిపారు. రోజుకొక విద్యార్థి ఆనాటి పాఠం రాసేవాడు, మర్నాడు ఎవరి వంతో ఆ విద్యార్థే చెప్పేవాడు. ఈ చివరి మెలిక నాకు భలే నచ్చింది. ఎవర్ని పిలుస్తారోనని అందరూ ఆ పోస్టు చివరిదాకా చదవాల్సిందే కదా!

ఎలాంటి రాత కావాలో పిల్లలకు మాటల్లో చెప్తే తలకెక్కదు. రెండు ముక్కలు బోర్డు మీద పక్కపక్కన రాసి చూపించండి. మొదటిది:

"ధ్వని ఒక శక్తి స్వరూపం. వస్తువుల కంపనాల వల్ల ధ్వని ఉత్పత్తి అవుతుంది. ధ్వని మన నిత్యజీవితంలో ఎంతో ఉపయోగపడుతుంది."

రెండోది:

"జామెట్రీ బాక్సు మీద రబ్బరు బ్యాండు బిగించి మీటాం. లాగినకొద్దీ సన్నటి మోత వచ్చింది. మూత తీసి మీటితే పెద్దగా వినిపించింది, మూసి మీటితే చిన్నగా వినిపించింది. రబ్బరు అదే, మీటిన వేలూ అదే. ఎందుకలా అయిందో మాకు అర్థం కాలేదు. మేడమ్ రేపు చెప్తానన్నారు."

మొదటిదాంట్లో తప్పు లేదు. కానీ అది టెక్స్ట్‌బుక్‌లో ఉన్నదే. చదివినవాడు తలూపి వెళ్ళిపోతాడు. రెండోదాంట్లో "మాకు అర్థం కాలేదు" అన్న చోట తలుపు తెరుచుకుంది. ఇంకో క్లాసు పిల్ల "మేం అట్టపెట్టెతో చేశాం, ఇంకా పెద్దగా మోగింది" అని అక్కడే లోపలికి రాగలుగుతుంది. పిల్లలు ఇలాంటి వాక్యం రాసి, తప్పనుకుని కొట్టేస్తారు. కొట్టేయనివ్వకండి.

దిద్దడం దగ్గర మీరు కాస్త చేయి కట్టుకోవాలి. సైన్స్ తప్పుంటే పోస్టు పెట్టకముందే సరిచేయించండి, అందులో మొహమాటం వద్దు. అక్షరదోషాలు జతలో రెండోవాళ్ళు పట్టుకోవాలి. వాక్యం మాత్రం వాళ్ళదే ఉండనివ్వండి. "సన్నటి మోత" అన్నదాన్ని "అధిక పౌనఃపున్యం గల ధ్వని" అని మీరు మార్చేస్తే, తర్వాతి జత ముందుగానే మీ భాషలో రాసుకొస్తుంది. ఆ తర్వాతి జత ఏఐ భాషలో తెస్తుంది.

ఇక చదివేవాళ్ళు. తల్లిదండ్రులు మొదటి వారం చూస్తారు, తమ పిల్లల వంతు వచ్చినప్పుడు చూస్తారు, అంతే. వాళ్ళనే నమ్ముకుంటే పోయినేటి కథే. మీకు కావాల్సింది తోడు తరగతి. మీతో ట్రైనింగ్‌లో కూర్చున్న టీచర్లలో ఒకరు దొరికినా చాలు: మీవాళ్ళు వాళ్ళవి, వాళ్ళు మీవి చదివి వారానికోసారి కామెంట్లు రాయాలి. 2011 ప్రాంతంలో ఇంగ్లండ్‌లో దీన్ని నాలుగు తరగతుల జట్టుగా నడిపారు. ఒక్కో వారం ఒక్కో తరగతి వంతు, ఆ వారం మిగతా మూడు తరగతులూ వాళ్ళవే చదివి కామెంట్లు రాస్తాయి. నాలుగు కుదిరితే మంచిదే, మొదటి ఏడాదికి రెండే చాలు. ఎవరూ దొరక్కపోతే మీ బడిలోనే తొమ్మిదో తరగతి వాళ్ళని అడగండి. పోయినేడు అదే పాఠం చదివిన పిల్లలు "అదేంటో నాకు తెలుసు" అన్న ధీమాతో బాగా రాస్తారు.

కామెంటు రాయడం కూడా నేర్పాల్సిన విద్యే అని చాలామందికి తట్టదు. నెట్ జోలికి వెళ్ళకముందు కాగితం మీద ఒక పీరియడ్ ఆడించండి. ఒక్కో జత రాసిన పేజీ బెంచీల వెంట తిరుగుతుంది. చదివినవాళ్ళు అంటించే చీటీ మీద ఒక మాట రాసి కింద అతికిస్తారు. మొదటి చుట్టులో వచ్చేవి నేనిప్పుడే చెప్తాను: సూపర్, నైస్, వెరీ గుడ్, ఒక బొమ్మ. అవన్నీ బోర్డు మీద రాసి, "ఇవి చదవకుండానే రాయొచ్చా?" అని అడగండి. నవ్వుతారు. రెండో చుట్టుకి ఒకటే నియమం: ఆ పేజీలో మాత్రమే ఉన్న ఒక సంగతి చెప్పాలి, ఒక ప్రశ్న అడగాలి. "మూత మూస్తే చిన్నగా వినిపించిందన్నారు కదా, బాక్సులో పెన్సిళ్ళున్నాయా, ఖాళీదా?" ఇలాంటిది ఒక్కటి వస్తే ఆ పేజీ రాసిన జత మొహాలు చూడండి. మర్నాడు బాక్సు నింపి ఒకసారి, ఖాళీ చేసి ఒకసారి మీటి చూస్తారు. మీరు చెప్పాల్సిన పాఠం వాళ్ళే మొదలుపెట్టేస్తారు.

ఇప్పుడు వేదిక. మీ కాగితంలో బ్లాగులు నడుపుకునే బ్లాగర్, వర్డ్‌ప్రెస్ రెండూ ఉన్నాయి, ఏది మంచిదని ఎవర్నడిగినా ఒక గంట ఉపన్యాసం ఇస్తారు. మీ అవసరానికి చూడాల్సిన తేడా ఒక్కటే: "పబ్లిష్" బటన్ ఎవరి చేతిలో ఉంటుంది? బ్లాగర్ 1999లో వచ్చింది, 2003 నుంచి గూగుల్ చేతిలో ఉంది. ఒక బ్లాగులో వందమంది దాకా రచయితల్ని చేర్చుకోవచ్చు, కానీ రచయితగా చేరిన ప్రతివాళ్ళూ నొక్కితే పోస్టు నేరుగా బయటికి వెళ్ళిపోతుంది, మధ్యలో గేటు లేదు. 2003లో వచ్చిన వర్డ్‌ప్రెస్‌లో కాంట్రిబ్యూటర్ అనే హోదా ఉంది. పిల్లలు రాసి "సమీక్షకు పంపు" అని నొక్కుతారు, మీరు చూసి విడుదల చేస్తే తప్ప బయటికి రాదు. ఆ హోదాలో ఫొటోలు ఎక్కించడానికి కూడా వీలుండదు. కొందరు టీచర్లు అది లోపమంటారు. నన్నడిగితే ఎనిమిదో తరగతికి అదే వరం.

కానీ మీ దగ్గరున్నవి మూడు కంప్యూటర్లు. పిల్లలకు ఖాతాలు లేవు, ఉండాల్సిన అవసరం కూడా లేదు. ఖాతా ఒక్కటే, బటన్ మీదే అన్నప్పుడు ఆ తేడా కరిగిపోతుంది. కాబట్టి మీకు బ్లాగర్ చాలు. ఉచితం, వర్డ్‌ప్రెస్ డాట్ కామ్ ఉచిత ప్లాన్‌లో వచ్చినట్టు అడగని ప్రకటనలు పిల్లల రాతల మధ్యలో కనిపించవు. మీ సొంత జీమెయిల్‌తో మాత్రం తెరవకండి. బడి పేరు మీద ఖాతా చేసి, ఇంకో టీచర్‌ని కూడా అడ్మిన్‌గా పెట్టండి. రేపు మీకు బదిలీ అయితే బ్లాగు మీ సామానుతో పాటు వెళ్ళిపోకూడదు కదా.

సెట్టింగ్స్‌లో రెండు పనులు చేయండి. కామెంట్లన్నీ మీరు చూశాకే కనిపించేలా పెట్టండి, "ఎల్లప్పుడూ" అన్నది ఎంచుకోండి. సెర్చ్ ఇంజన్లకు కనిపించడం ఆపేయండి. ఈ రెండోది తలుపు దగ్గరగా వేయడమే, గడియ పెట్టడం కాదు. లింకు ఉన్నవాళ్ళెవరైనా చూడగలరు. గడియే కావాలంటే పిలిచినవాళ్ళే చదివేలా పెట్టొచ్చు, కానీ అప్పుడు చదివే ప్రతివాళ్ళూ ఖాతాతో లాగిన్ అవ్వాలి. తోడు తరగతికీ తల్లిదండ్రులకీ అది తలనొప్పి. దగ్గరగా వేసిన తలుపు వెనక, బయటపడినా పర్వాలేదనిపించే సంగతులే పెట్టడం సుళువు.

అంటే ఏమిటో మీ పాత బ్లాగులోనే చూపిస్తాను. క్విజ్ పోస్టులో సర్టిఫికెట్ పట్టుకున్న అబ్బాయి ఫొటో ఉంది. జూమ్ చేస్తే అబ్బాయి పూర్తి పేరు, తండ్రి పేరు, తరగతి, బడి, అన్నీ చదవొచ్చు. పైన మొహం ఎలాగూ ఉంది. ఈ ఉత్తరం ముగించకముందే వెళ్ళి అది తీసేసి రండి, నేనిక్కడే ఉంటాను. ఇంకోటి, మొక్కలు నాటిన పోస్టులో మొహాలు లేవు కానీ, ఫొటో ఫైలు పేరులోనే ఒక పాప పేరూ సెక్షనూ ఉన్నాయి. పిల్లలు ఫైలుకి తమ పేరే పెడతారు, మనం చూసుకోం.

ఈ ఏడు ఎవరి మొహమూ వద్దు. చేతులు, బల్ల మీది పరికరం, పిల్లలు వేసిన బొమ్మ, నోట్సు పేజీ చాలు. ఫోనులో తీసిన ఫొటో లోపల ఎక్కడ తీశారో కూడా దాగి ఉండొచ్చు, కెమెరాలో లొకేషన్ ఆపేసి తీయండి. పేర్లకు బదులు ప్రతి జతా తమకొక కలం పేరు పెట్టుకోనివ్వండి. ఆ పేరు కోసం రెండు రోజులు కొట్టుకుంటారు, ఆ హడావుడి కూడా బాగుంటుంది. ఎవరి మొహమూ లేకపోతే ఆ ఇద్దరు తల్లుల పిల్లలు మాత్రమే మూలన నిలబడాల్సిన పరిస్థితి రాదు. అనుమతి చీటీ మాత్రం అందరికీ పంపండి. రాత పెట్టొచ్చా, గొంతు రికార్డు చేసి పెట్టొచ్చా, చేతుల ఫొటో పెట్టొచ్చా, మూడూ విడివిడిగా అడగండి. ఒకే సంతకంతో అన్నిటికీ సరే అనిపించుకుంటే అది అడిగినట్టు కాదు.

పిల్లలకు సొంత ఖాతాలు వద్దనడానికి ఇంకో కారణం వయసు. అమెరికాలో 1998 నాటి చట్టం వల్ల చాలా సైట్లు 13 ఏళ్ళ లోపు వాళ్ళని చేర్చుకోవు. భారతదేశంలో 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా చట్టం 18 నిండని వాళ్ళందరినీ పిల్లలుగానే లెక్కేసి, తల్లిదండ్రుల అంగీకారం అడుగుతుంది. పుట్టిన ఏడాది మార్చి ఖాతా తెరవమని పిల్లలకు మనమే చెప్పడం ఎంత ఇబ్బందో మీకు వేరే చెప్పక్కర్లేదు.

ట్రైనింగుల్లో ఒక కథ తప్పకుండా చెప్తారు, మీకూ చెప్పే ఉంటారు. 2012లో స్కాట్లండ్‌లో తొమ్మిదేళ్ళ పాప బడి భోజనం ఫొటోలు బ్లాగులో పెట్టింది, స్థానిక అధికారులు ఫొటోలు తీయొద్దన్నారు, ప్రపంచమంతా గోల చేస్తే మర్నాడే వెనక్కి తగ్గారు, లక్ష పౌండ్లకు పైగా విరాళాలు వచ్చాయి. నిజమే. అయితే చాలామంది ఆ విరాళాల అంకె దగ్గరే ఆగిపోతారు. నాకు గుర్తుండేది ఆ పాప లెక్కలు: రుచికి పదికి ఇన్ని మార్కులు, ఎన్ని ముద్దలైంది, ప్లేటులో ఎన్ని వెంట్రుకలొచ్చాయి. రోజూ అవే గళ్ళు నింపింది. పక్కన వాళ్ళ నాన్న ఉండి చూసుకున్నాడు. లక్షలమంది చూడటం మనకక్కర్లేదు. ఆ గళ్ళు నింపే ఓపిక మాత్రం పిల్లలకు చూపించదగ్గది.

మూడు కంప్యూటర్లు సరిపోతాయా అంటే, సరిపోతాయి. రాయడం నోట్‌బుక్‌లో, క్లాసులోనే. టైపింగ్ ఆ వారం వంతున్న రెండు జతలే చేస్తాయి. తెలుగు టైపింగ్ రాకపోతే మీ ఫోనులో మైకు నొక్కి చదివిస్తే ముప్పావువంతు సరిగ్గానే పడుతుంది, మిగిలిన పావూ దిద్దడం మంచి డిక్టేషన్ పాఠం. ప్రింటింగ్ ప్రెస్సుల్లో వాడే పాత డీటీపీ ఫాంట్లలో కొట్టింది కాపీ చేస్తే మాత్రం బ్లాగులో పిచ్చి గీతలు పడతాయి, ఏ ఫోనులోనైనా తెలుగు తెలుగులాగే కనిపించే యూనికోడ్‌లోనే కొట్టించండి. ఇంటి దగ్గర ఫోనులో చేసే పని ఒక్కటి కూడా ఇవ్వకండి. ఫోను లేని సగం మందికి అది హోమ్‌వర్క్ కాదు, శిక్ష.

ఏఐ సంగతి. నలుగురిదీ ఒకటే పాట అన్నారు. దానికి సగం కారణం ప్రశ్న. "ధ్వని గురించి రాయండి" అంటే ఏ యంత్రమైనా రాసేస్తుంది, కోట్ల పేజీల్లో ఉన్నదే కదా. "మంగళవారం మన రబ్బరు బ్యాండు ఏం చేసింది?" అంటే దానికేం తెలుసు, అది క్లాసుకి రాలేదు. ఎవరు రాశారో పట్టిస్తామనే డిటెక్టర్లను నమ్మి మాత్రం ఏ పిల్లవాణ్ణీ నిలదీయకండి. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ కంపెనీయే 2023 జనవరిలో అలాంటి డిటెక్టర్ ఒకటి తెచ్చి, సరిగ్గా పట్టలేకపోతోందని అదే ఏడాది జులైలో తీసేసింది. చేసినవాళ్ళకే చేతకానిది మనకెలా? మొదటి చిత్తు క్లాసులో, చేత్తో, మీ కళ్ళ ముందు రాస్తే ఈ గొడవే ఉండదు. తర్వాత ఎప్పుడైనా ఏఐ ఇచ్చిన జవాబుని మీరే తెరమీద చూపించి, మన ప్రయోగంతో ఎక్కడ సరిపోలేదో వెతకమనండి. దొంగతనంగా వాడే వస్తువు బల్ల మీదకొస్తే దాని మోజు సగం తగ్గుతుంది.

ఇక మీ కాగితం. 11లో రెండు ఇప్పుడు లేనే లేవు. అందరూ కలిసి రాసుకునే ఆన్‌లైన్ బోర్డు జామ్‌బోర్డ్‌ని గూగుల్ 2024 డిసెంబర్ 31తో మూసేసింది. పిల్లలు చిన్న వీడియోలతో జవాబులు చెప్పే ఫ్లిప్ విడి యాప్‌గా 2024 జులైలో ఆగిపోయింది. ఆ కాగితం ఏ ఏడాదిదో మరి! గూగుల్ క్లాస్‌రూమ్ పని ఇచ్చి పని తీసుకోవడానికి బాగుంటుంది, కానీ అది నాలుగ్గోడల మధ్య గది, బయటి పాఠకుడు రాడు. అందరూ ఆన్‌లైన్‌లో చీటీలు అంటించే ప్యాడ్‌లెట్ ఒక్క పీరియడ్‌కి మంచి గోడ. కహూత్ క్విజ్ ఆట, రివిజన్‌కి సరదా, అందులో రాత ఉండదు. మిగతావి ఈ ఏడాదికి మర్చిపోండి.

మూతపడేవి మూతపడుతూనే ఉంటాయి. తరగతులు కలిసి పేజీలు రాసుకునే వికీస్పేసెస్ సైటు 2018లో పోయింది, లక్షలమంది టీచర్లు తరగతి పనులకు వాడిన ఎడ్మోడో 2022 సెప్టెంబర్‌లో పోయింది. నాకూ ఒకసారి తగిలింది. పేరు చెప్పను గానీ, ఒక ఉచిత సైట్లో మా తరగతి రెండేళ్ళు రాసింది. మూసేస్తున్నాం, మీ రాతలు దింపుకోండి అని వాళ్ళు మెయిల్ పంపారట. నేను సెలవుల్లో మెయిల్ చూడలేదు. తెరిచేసరికి గడువు దాటి పదకొండు రోజులు. ఒక పాప తడిగుడ్డలో చుట్టిన గింజని రోజూ చూసి 14 రోజులు రాసింది. ఆరో రోజు "ఇవాళ ఏమీ జరగలేదు, కానీ వాసన మారింది" అని ఉండేది. అది నాకు గుర్తుంది కాబట్టి ఉంది, ఇంకెక్కడా లేదు. ఆ పాప తర్వాతేడు వచ్చి "సార్, నాది చూపిస్తారా?" అంటే తల దించుకున్నాను.

అందుకని నెలకోసారి సెట్టింగ్స్‌లో బ్యాకప్ నొక్కి ఆ ఫైలు బడి కంప్యూటర్లోనూ, ఒక పెన్‌డ్రైవ్‌లోనూ పెట్టండి. అంతకంటే ముఖ్యం, ప్రతి పోస్టూ ఒక ప్రింటు తీసి క్లాసులో ఒక ఫైలుకి తగిలించండి. ఫోను లేని పిల్లలు చదివేది అదే. బెంచీల మధ్య ఎక్కువగా తిరిగేది కూడా అదే అవుతుంది, చూస్తూ ఉండండి.

బ్లాగు అసలు అవసరమా అన్నారు. తోడు తరగతి దొరక్కపోతే అవసరం లేదు. గోడపత్రిక చాలు, హెడ్మాస్టర్ గారికి అలాగే చెప్పండి. దొరికితే, వారానికి మీ టైమ్ ముప్పావుగంట పడుతుంది: రెండు పోస్టులు చూసి విడుదల చేయడం, కామెంట్లు వదలడం. "ఈసారి ఆగకూడదు" అన్న మాట దగ్గర మాత్రం ఆయనతో కొంచెం వాదించండి. పరీక్షల నెలలో ఆగాలి, "పరీక్షలయ్యాక కలుద్దాం" అని ఒక జత రాసి మరీ ఆగాలి. ఏడాది చివర పూర్తిగా ముగియాలి, వచ్చేవాళ్ళు తమ పేరుతో కొత్తది తెరుచుకోవాలి. ఎంతమంది చూశారన్న అంకె ఆయన అడిగితే, దానికి బదులు నెలకొక కామెంటు రాయమనండి. కంగ్రాట్స్ అని కాదు, పిల్లల నియమమే ఆయనకీ: ఒక సంగతి, ఒక ప్రశ్న.

మొదటి వారం నెట్ ముట్టుకోవద్దు. జతలు, కలం పేర్లు, చీటీలతో కామెంట్ల పీరియడ్, అంతే. ఆలోపు తోడు టీచర్‌కి ఫోన్ చేసి మాట తీసుకోండి. ఆ 11 పేర్ల కాగితం పారేయకండి, ఫొటోలో చూస్తే వెనకవైపు ఖాళీగా ఉన్నట్టుంది. 21 జతల వంతుల పట్టిక దాని మీద సరిగ్గా పడుతుంది.